రొయ్య నుంచి పీసీఆర్ దాకా: మందుకు లొంగని బ్యాక్టీరియాని, దాని జన్యువుల్ని పట్టుకోవడం

రొయ్యల నమూనాలో ఫలానా నిరోధక జన్యువు దొరికిందని చెప్పడం తేలిక. అది ఏ బ్యాక్టీరియాలో ఉంది, ఆ బ్యాక్టీరియా బతికి ఉందా, జన్యువు క్రోమోజోమ్ మీద ఉందా లేక ఇంకో బ్యాక్టీరియాకి దాటగల ప్లాస్మిడ్ (చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉందా అన్నవి చెప్పడం కష్టం. ఈ మూడూ తేల్చని రిపోర్టు జనాన్ని భయపెట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులకి, ఆహార పరీక్షల ల్యాబుల్లో పనిచేసేవాళ్లకి పనికొచ్చేలా నమూనా దగ్గర్నుంచి పీసీఆర్ (జన్యువుని కోట్ల ప్రతులుగా పెంచి చూసే పరీక్ష) జెల్ మీద గీత దాకా ఇక్కడ రాస్తున్నాం. ఉదాహరణ మన తీరమే: వనామీ రొయ్య, చేపల రేవు, ఊరి మురుగు కలిసే సముద్రపు నీరు.

పట్టుకోవాల్సినవి రెండు రకాలు. ఒకటి ఈఎస్‌బీఎల్ ఎంజైమును తయారుచేసే ఈ. కోలి. సెఫోటాక్సిమ్, సెఫ్టాజిడిమ్ లాంటి మూడో తరం సెఫలోస్పోరిన్లను ముక్కలు చేసే ఎంజైము అది. ఈ. కోలి ఉండేది మనుషుల, పశువుల పేగుల్లో కాబట్టి, సముద్రంలో కనిపించిందంటే మురుగు వచ్చి చేరినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన ట్రైసైకిల్ పద్ధతి మనుషుల్లోనూ, ఆహారంలోనూ, పర్యావరణంలోనూ ఈ ఒక్క సూచికనే కొలవమంటుంది. రెండోది విబ్రియో పారాహీమోలిటికస్. ఇది సముద్రపు సొంత బిడ్డ, మురుగు లేకపోయినా ఉంటుంది. చెరువులో వాడిన మందు ప్రభావం చూడాలంటే దీన్ని పట్టుకోవాలి. ఈ రెండిటి లెక్కల్నీ కలిపి ఒకే శాతంగా చెప్పకండి.

ఇంకో గందరగోళం ముందే తీర్చుకుందాం. మన రొయ్యల కంటైనర్లు విదేశాల్లో వెనక్కి తిరగడానికి ఒక ముఖ్య కారణం మాంసంలో మిగిలిన మందు అవశేషం: క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి. దాన్ని ద్రవ క్రోమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలుస్తారు. ఇక్కడ మనం చూసేది నిరోధకత. అవశేషం సున్నా ఉన్న రొయ్య మీద ఈఎస్‌బీఎల్ ఈ. కోలి దండిగా ఉండొచ్చు. అవశేషం ఉన్న రొయ్యలో అసలు లేకపోనూవచ్చు. రైతుకి ఫలితం చెప్పేటప్పుడు మొదట విడమర్చాల్సింది ఇదే.

నీటి నమూనా

ఎక్కడ తీయాలన్నది ఎంత తీయాలన్నదానికంటే ముఖ్యం. విశాఖ లాంటి చోట ఊరి మురుగు గెడ్డల (పెద్ద కాలువల) గుండా తీరానికి చేరుతుంది. గెడ్డ నోటి దగ్గర ఒకటి, అక్కణ్ణుంచి తీరం వెంట 200 మీటర్లలో ఒకటి, మురుగు చేరని ఇసుక తీరంలో ఒకటి, కనీసం ఈ మూడు చోట్లా తీస్తేనే పోలిక కుదురుతుంది. రొయ్యల చెరువుల దగ్గరైతే నీళ్లు తోడుకునే కాలువ వేరు, వదిలే కాలువ వేరు. రెండిట్లోనూ తీయాలి. తోడుకునే నీళ్లలోనే జన్యువులు ఉంటే తప్పు చెరువు మీద వేయకూడదు మరి.

ఆటు, పోటు రాసుకోవడం మరిచిపోతే నమూనా సగం వృథా. పోటు మీద సముద్రపు నీరు లోపలికి తోసుకొచ్చి మురుగును పలచన చేస్తుంది. అదే చోట ఆటు మీద తీస్తే లెక్క పదింతలు మారినా ఆశ్చర్యం లేదు. అన్ని చోట్లా ఒకే దశలో, వీలైతే ఆటు చివర్లో తీయండి. ఉప్పదనం రిఫ్రాక్టోమీటరుతో, ఉష్ణోగ్రత థర్మామీటరుతో అక్కడే చూసి రాయండి. గడిచిన 72 గంటల్లో వాన పడిందా అన్నది కూడా రాయాలి.

ఆటోక్లేవ్ చేసిన లీటరు పాలీప్రొపిలిన్ సీసాని మూత తీయకుండా నీళ్లలోకి దించి, పైతలానికి 30 సెంటీమీటర్ల లోతున, మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి మూత తీయండి. నిండుగా నింపకుండా రెండు వేళ్ల ఖాళీ వదలండి, కలపడానికి కావాలి. సముద్రపు నీటికి థయోసల్ఫేట్ అక్కర్లేదు. హేచరీ నీరు, మున్సిపల్ నీటితో చేసిన ఐసు, బ్లీచింగ్ వేసిన చెరువు నీరు అయితే కావాలి: 120 మి.లీ. నమూనాకి 3 శాతం సోడియం థయోసల్ఫేట్ ద్రావణం 0.1 మి.లీ. సీసాలో ముందే వేసి ఉంచాలి. లేకపోతే దారిలో క్లోరిన్ తన పని చేసుకుపోతుంది, మీకు ఖాళీ ప్లేటు మిగులుతుంది.

చల్లబరచడంలో ఈ రెండు బ్యాక్టీరియాలకీ పొత్తు కుదరదు. ఈ. కోలి కోసం తీసిన సీసాని ఐసు పెట్టెలో పెట్టి 6 గంటల్లోపు ల్యాబుకి చేర్చాలి. విబ్రియోకి ఐసు నేరుగా తగిలితే కణాలు చావకుండానే ప్లేటు మీద పెరగని స్థితిలోకి జారిపోతాయి. అందుకే ఆ సీసాకి, ఐసుకి మధ్య థర్మోకోల్ పలకో మడతపెట్టిన గుడ్డో అడ్డుపెట్టి 7 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంచండి. ఒకే సీసాతో రెండు పనులూ కానివ్వాలని చూస్తే విబ్రియో లెక్క తప్పుతుంది.

రొయ్య నమూనా

బజారులో కొన్న రొయ్య చెరువు గురించి చెప్పదు. దాని మీద ఐసు, తట్ట, కోసిన కత్తి, అమ్మినవాళ్ల చెయ్యి అన్నీ కలిసి ఉంటాయి. చెరువు గురించి తెలియాలంటే పట్టుబడి రోజున వలలోంచి నేరుగా స్టెరైల్ సంచిలోకి తీయండి. బజారు శుభ్రత తెలియాలంటే బజారు రొయ్యే సరైనది, దాంతోపాటు అదే తట్టలోని ఐసు 500 గ్రాములు కరిగించి పరీక్షించండి. చాలాసార్లు గుట్టు ఐసులోనే బయటపడుతుంది.

తల, పొట్టు, నల్లనరంతో సహా ముక్కలు చేసి 25 గ్రాములు తూచి, 225 మి.లీ. బఫర్డ్ పెప్టోన్ నీటిలో వేసి రెండు నిమిషాలు స్టొమాకర్‌లో (సంచిలోని నమూనాని చితక్కొట్టి కలిపే యంత్రం) కలపాలి. విబ్రియో కోసం ఇంకో 25 గ్రాములు, 3 శాతం ఉప్పు కలిపిన ఆల్కలైన్ పెప్టోన్ నీటిలో (పీహెచ్ 8.6). రొయ్య తల మీది కొమ్ము స్టొమాకర్ సంచిని చీలుస్తుంది. స్టెరైల్ కత్తెరతో కొమ్ము, తోక ముల్లు ముందే కత్తిరించి, రెండు సంచుల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టి వాడండి. లీకైన సంచి వల్ల పోయేది ఒక నమూనా కాదు, యంత్రం కడిగేదాకా ఆ తర్వాతవన్నీ అనుమానమే.

ఈఎస్‌బీఎల్ ఈ. కోలి

కావాల్సిన మాధ్యమం టీబీఎక్స్ అగార్, రెండు రకాలుగా: మామూలుది, లీటరుకి 4 మిల్లీగ్రాముల సెఫోటాక్సిమ్ కలిపినది. సెఫోటాక్సిమ్ పొడి తూచేటప్పుడు సీసా మీది పొటెన్సీ చూడాలి. మిల్లీగ్రాముకి 950 మైక్రోగ్రాములని ఉంటే, మి.లీ.కి 4 మిల్లీగ్రాముల స్టాకు 10 మి.లీ. చేయడానికి 40 కాదు, 42.1 మిల్లీగ్రాములు తూచాలి (10 × 4000 ÷ 950). స్టెరైల్ నీటిలో కరిగించి 0.2 మైక్రాన్ ఫిల్టరుతో వడకట్టి, ఒక్కో మి.లీ. చొప్పున మైనస్ 20లో దాచండి. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించవద్దు. అగార్ 50 డిగ్రీలకి చల్లారాక లీటరుకి ఒక మి.లీ. కలపాలి. ఆటోక్లేవ్ నుంచి తీసిన వేడి మీదే కలిపితే మందు పాడైపోతుంది, అప్పుడు సున్నిత బ్యాక్టీరియా కూడా పెరిగి మీ లెక్కంతా ఈఎస్‌బీఎల్ అయిపోతుంది. ప్రతి బ్యాచ్‌కీ ఏటీసీసీ 25922 ఈ. కోలి (మందుకి లొంగే ప్రామాణిక జాతి) గీసి చూడండి. మందున్న ప్లేటు మీద అది పెరగకూడదు. క్లెబ్సియెల్లా న్యుమోనియే ఏటీసీసీ 700603 లాంటి ఈఎస్‌బీఎల్ జాతి పెరగాలి. పోసిన ప్లేట్లు చీకట్లో, 4 డిగ్రీల దగ్గర రెండు వారాలకి మించి ఉంచకండి.

నీటిని 0.45 మైక్రాన్, 47 మిల్లీమీటర్ల పొర మీద వడకట్టాలి. శుభ్రమైన తీరంలోని నీళ్లయితే 100, 10 మి.లీ. చొప్పున, గెడ్డ నోటి నీళ్లయితే 1, 0.1, 0.01 మి.లీ. చొప్పున. 10 మి.లీ. కంటే తక్కువ వడకట్టేటప్పుడు గరాటులో ముందే 20 నుంచి 30 మి.లీ. స్టెరైల్ సెలైన్ పోసి అందులో నమూనా వదలండి, లేకపోతే కాలనీలన్నీ ఒక మూల కుప్పగా వస్తాయి. పొరని గాలి బుడగ లేకుండా అగార్ మీద పరిచి 37 డిగ్రీల దగ్గర 4 గంటలు, తర్వాత 44 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 గంటలు ఉంచాలి. మొదటి నాలుగు గంటలూ ఎందుకంటే, ఉప్పులో, ఎండలో నలిగిన కణాలు తేరుకోవడానికి. నేరుగా 44లో పెడితే వాటిలో చాలా వరకు లేవవు. నీలి ఆకుపచ్చ కాలనీలే ఈ. కోలి. పొర మీద 20 నుంచి 80 మధ్య కాలనీలున్న ప్లేటు లెక్కే నమ్మదగింది.

లెక్క ఇలా చూడాలి. మందు లేని ప్లేటు మీద 1 మి.లీ.కి 52 కాలనీలు వచ్చాయనుకోండి, 100 మి.లీ.కి 5,200. మందున్న ప్లేటు మీద 10 మి.లీ.కి 31 వచ్చాయి, అంటే 100 మి.లీ.కి 310. ఈ. కోలిలో సుమారు 6 శాతం సెఫోటాక్సిమ్‌కి లొంగనివి. రెండు అంకెలూ రాయండి, ఒక్క శాతమే రాస్తే మోసపోతారు. వానాకాలంలో మొత్తం ఈ. కోలి పెరిగి శాతం తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ సముద్రంలో చేరిన నిరోధక బ్యాక్టీరియా సంఖ్య పెరిగే ఉంటుంది.

రొయ్య ముద్ద నుంచైతే 0.1 మి.లీ. నేరుగా రెండు రకాల ప్లేట్ల మీదా పరచండి. మిగతా ముద్దని 37 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచి మందున్న ప్లేటు మీద గీయడం రెండో దారి. పెంచాక దొరికితే ‘ఉంది’ అని మాత్రమే చెప్పాలి, ఎంత అన్నది చెప్పకూడదు. పైగా ఒక్క కణమే రాత్రికి రాత్రి కోట్లుగా మారుతుంది కాబట్టి ఆ ప్లేటు మీంచి ఏరిన ఐదు కాలనీలూ ఒకే తల్లి పిల్లలు కావొచ్చు. వాటిని ఐదు వేర్వేరు జాతులుగా లెక్కేసి శాతాలు కట్టడం ఈ రంగంలో తరచుగా కనిపించే తప్పు. ఒక్కో రొయ్య నమూనా నుంచి ఒక్కటే లెక్కలోకి తీసుకోండి, తక్కినవి దాచి ఉంచండి.

విబ్రియో

ఆల్కలైన్ పెప్టోన్ నీటిలో కలిపిన ముద్దని 37 డిగ్రీల దగ్గర 6 గంటలు ఉంచి, సీసాని కదపకుండా పైతలం నుంచి లూపుతో తీయాలి. విబ్రియోలు గాలి తగిలేచోట బాగా పెరుగుతాయి, పైన పొరలా చేరతాయి. సీసా ఊపితే అవి కిందికి కలిసిపోయి మిగతా గుంపు మీ లూపుకి ఎక్కుతుంది. విబ్రియోల కోసమే ఉన్న టీసీబీఎస్ అగార్ మీద గీసి 24 గంటలు ఉంచండి. టీసీబీఎస్‌ని ఆటోక్లేవ్ చేయకూడదు, మరిగించి పోయడమే. చక్కెర పులియబెట్టే విబ్రియో ఆల్జినోలిటికస్, కలరా విబ్రియో పసుపు కాలనీలు ఇస్తాయి, పారాహీమోలిటికస్ ఆకుపచ్చవి ఇస్తుంది.

ఆకుపచ్చదల్లా పారాహీమోలిటికస్ కాదు. 2 శాతం ఉప్పు కలిపిన ట్రిప్టిక్ సోయ్ అగార్ మీద ఒంటరి కాలనీగా తెచ్చుకున్నాకే ఆక్సిడేజ్ పరీక్ష చెయ్యండి, టీసీబీఎస్ మీంచి తీసి చేస్తే ఫలితం నమ్మలేం. తర్వాత ఉప్పు పరీక్ష: ఉప్పు లేని పెప్టోన్ నీటిలో పెరగకూడదు, 3, 6, 8 శాతాల్లో పెరగాలి, 10 శాతంలో పెరగకూడదు. చివరి మాట టాక్స్-ఆర్ జన్యువు పీసీఆర్‌ది, 368 బేస్ జతల గీత. మనిషికి రోగం తెచ్చే రకమా అన్నది టీడీహెచ్, టీఆర్‌హెచ్ జన్యువులు చెబుతాయి. అది నిరోధకత కంటే వేరే ప్రశ్న.

డిస్కులు

డిస్కు అంటే మందు అద్దిన కాగితపు బిళ్ల, దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయాన్ని కొలుస్తాం. ముల్లర్ హింటన్ అగార్ మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి, 90 మిల్లీమీటర్ల ప్లేటుకి దాదాపు 25 మి.లీ. మందంగా పోస్తే వలయాలు చిన్నవై లేని నిరోధకత కనిపిస్తుంది, పలచనైతే ఉన్నది దాగుతుంది. రాత్రి పెరిగిన కాలనీల్ని 0.85 శాతం సెలైన్‌లో 0.5 మెక్‌ఫార్లాండ్ మసకకి తెచ్చి, 15 నిమిషాల్లోపు దూదిపుల్లతో మూడు దిక్కులా రుద్ది, డిస్కులు పెట్టాలి. డిస్కుల మధ్య కేంద్రం నుంచి కేంద్రానికి 24 మిల్లీమీటర్లు తగ్గకూడదు. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు. ఈ. కోలి ఫలితం సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబు ప్రమాణాల సంస్థ) ఎం100 పట్టికతో, విబ్రియో ఫలితం ఎం45 పట్టికతో చదవాలి. ఒకదాని పట్టిక ఇంకోదానికి వాడకండి.

సముద్రపు బ్యాక్టీరియా కదా అని ముల్లర్ హింటన్‌ని సముద్రపు నీటితో కలపడం చాలా చోట్ల చూస్తాం. ఆ నీటిలోని మెగ్నీషియం, కాల్షియం టెట్రాసైక్లిన్‌ని పట్టేస్తాయి, వలయం కుంచించుకుపోతుంది, రొయ్యల చెరువంతా టెట్రాసైక్లిన్ నిరోధకతే అన్న తప్పుడు ఫలితం అచ్చవుతుంది. పారాహీమోలిటికస్ మామూలు ముల్లర్ హింటన్ మీదే, సెలైన్‌లో కలిపి రుద్దితే బాగానే పెరుగుతుంది.

ప్రతి రోజూ ఏటీసీసీ 25922ని పక్కన పెట్టండి. దాని వలయం సెఫోటాక్సిమ్ 30 మైక్రోగ్రాములకి 29 నుంచి 35 మి.మీ., సెఫ్టాజిడిమ్‌కి 25 నుంచి 32, జెంటామైసిన్‌కి 19 నుంచి 26, టెట్రాసైక్లిన్‌కి 18 నుంచి 25 రావాలి. రాకపోతే ఆ రోజు ఫలితాలన్నీ కొట్టేసి మళ్లీ చేయాల్సిందే. ఈఎస్‌బీఎల్ నిర్ధారణకి సెఫోటాక్సిమ్, సెఫ్టాజిడిమ్ డిస్కుల్ని ఒంటరిగానూ, 10 మైక్రోగ్రాముల క్లావులానిక్ ఆమ్లంతో కలిపినవీ పెట్టాలి. ఈ రెండు మందుల్లో దేనికైనా క్లావులానేట్ తోడైన వలయం 5 మి.మీ. లేదా ఎక్కువ పెరిగితే ఈఎస్‌బీఎల్. పెరగలేదు, సెఫాక్సిటిన్‌కి కూడా లొంగలేదంటే ఆంప్-సీ (క్లావులానేట్ ఆపలేని ఇంకో రకం) ఎంజైము అయ్యే అవకాశం ఎక్కువ. సెఫోటాక్సిమ్ ప్లేటు మీద పెరిగినదల్లా ఈఎస్‌బీఎల్ అని రాసేయకూడదన్నది అందుకే.

కొలిస్టిన్‌కి డిస్కు పనికిరాదు. పెద్ద అణువు కాబట్టి అగార్‌లో సరిగా వ్యాపించదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ (మందుని అంచెలుగా పలచన చేసిన ద్రవంలో పెంచి చూడటం) వాడాలి. ఆహార పశువులకి, కోళ్లకి, ఆక్వా సాగుకి కొలిస్టిన్ అమ్మకాన్ని మన దేశంలో 2019లోనే నిషేధించారు.

డీఎన్ఏ, పీసీఆర్

పరీక్షకి ముందు కల్చర్‌ని మందు లేకుండా పదేపదే మార్చకండి, ప్లాస్మిడ్ జారిపోవచ్చు. సెఫోటాక్సిమ్ లీటరుకి 1 మిల్లీగ్రాము ఉన్న ప్లేటు మీద తాజాగా పెంచి, ఒక కాలనీని 200 మైక్రోలీటర్ల స్టెరైల్ నీటిలో కలిపి, 95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు మరిగించి, 10,000 జీ వద్ద 5 నిమిషాలు తిప్పి పైతేట తీసుకోండి. విబ్రియో అయితే మరిగించే ముందు కణాల్ని ఒకసారి సెలైన్‌లో కడిగి దించాలి. మాధ్యమంలోని ఉప్పు పాలిమరేజ్‌ని అడ్డుకుంటుంది.

25 మైక్రోలీటర్ల చర్యకి: రెండింతల మాస్టర్ మిక్స్ 12.5, పది మైక్రోమోలార్ ప్రైమర్లు ఒక్కోటి 1, నీరు 8.5, డీఎన్ఏ 2. పది చర్యలకి పదకొండింటి మిక్స్ కలపండి: 137.5, 11, 11, 93.5. ట్యూబుకి 23 చొప్పున పంచి, చివర్లో, వేరే బల్ల దగ్గర డీఎన్ఏ వేయండి. ప్రతి పరుగులో మూడు తోడు ట్యూబులు తప్పవు: జన్యువు ఉన్న జాతి, లేని జాతి, ఉత్త నీరు.

మొదట చూడాల్సింది ఈఎస్‌బీఎల్ జన్యువైన బ్లా-సీటీఎక్స్-ఎం. అన్ని గుంపుల్నీ పట్టేలా చేసిన సార్వత్రిక ప్రైమర్లతో 593 బేస్ జతల గీత వస్తుంది. కార్బపెనెమ్‌లకి లొంగని వాటిలో ఎన్‌డీఎం (621), ఆక్సా-48 (438), కేపీసీ (798), విమ్ (390), ఇంప్ (232) చూడాలి. వీటికి 94 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, తర్వాత 94లో 30 సెకన్లు, 52లో 40 సెకన్లు, 72లో 50 సెకన్లు చొప్పున 36 సార్లు, చివర 72లో 5 నిమిషాలు. సీటీఎక్స్-ఎం, ఎన్‌డీఎం ఒకే ట్యూబులో పెట్టకండి. 593కీ 621కీ తేడాని 1.5 శాతం అగరోజ్ జెల్ మీద కంటితో పోల్చుకోలేరు.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇంకో బీటా లాక్టమేజ్ జన్యువు బ్లా-టెమ్ దగ్గర. కొన్ని వాణిజ్య ట్యాక్ ఎంజైముల్లో, వాటిని తయారుచేయడానికి వాడిన ప్లాస్మిడ్ల తునకలు మిగిలి ఉంటాయి, అందులో ఉండేది టెమ్ జన్యువే. నీటి ట్యూబులో కూడా టెమ్ గీత వస్తుంటే మీ చెయ్యి తప్పు కాకపోవచ్చు, ఎంజైము మార్చి చూడండి. ఇంకోటి, టెమ్ గీత రావడం ఈఎస్‌బీఎల్‌కి రుజువు కాదు. టెమ్-1 ఆంపిసిలిన్ లాంటి పాత మందుల్ని విరుస్తుంది కానీ మూడో తరం సెఫలోస్పోరిన్లని విరవలేదు. ఆ గీతని సీక్వెన్స్ చేయించాకే ఏ రకమో చెప్పాలి. ఎస్‌హెచ్‌వీ విషయంలోనూ అంతే.

అన్ని నమూనాల్లోనూ ఒకే సైజులో పలచటి గీత వస్తే అది పాత పీసీఆర్ ఉత్పత్తి గాలిలో, పైపెట్లలో చేరినట్టు. జెల్ నడిపిన గదిలోంచి ట్యూబు గానీ పైపెట్ గానీ మిక్స్ కలిపే గదిలోకి తిరిగి రాకూడదు. డిస్కు నిరోధకత చూపించి పీసీఆర్ ఏమీ చూపించకపోతే ముందు బ్యాక్టీరియా అన్నిట్లోనూ ఉండే 16ఎస్ జన్యువు పెరుగుతుందో లేదో చూడండి. అదీ రాకపోతే డీఎన్ఏలో లోపం. అది వస్తే మీరు వెతకని జన్యువేదో ఉంది.

నీటి నుంచి నేరుగా డీఎన్ఏ

ప్లేటు మీద పెరగని బ్యాక్టీరియాలోని జన్యువుల్ని కూడా లెక్కించాలంటే 0.22 మైక్రాన్ పొర మీద 200 నుంచి 500 మి.లీ. నీరు వడకట్టి, పొర నుంచి కిట్‌తో డీఎన్ఏ తీసి, రియల్ టైమ్ పీసీఆర్ చేస్తారు. గోదావరి, కృష్ణ నోళ్ల దగ్గరి బురద నీరు 50 మి.లీ.కే పొరని మూసేస్తుంది. ముందు పెద్ద రంధ్రాల ఫిల్టరుతో బురద తీసేద్దామనిపిస్తుంది, తీయకండి. బ్యాక్టీరియాలో మంచి వాటా ఆ బురద రేణువుల మీదే అంటుకుని ఉంటుంది. నాలుగు పొరలు వాడి డీఎన్ఏ కలపడం మేలు.

ఎక్కువగా కొలిచేవి సల్ఫా మందులకి లొంగనివ్వని సుల్-1, నిరోధక జన్యువుల్ని చేర్చుకునే ఒకటో తరగతి ఇంటెగ్రాన్ జన్యువు ఇంట్-ఐ1, తోడుగా 16ఎస్. ప్రామాణిక గీత వాలు మైనస్ 3.1 నుంచి మైనస్ 3.6 మధ్య ఉండాలి. డీఎన్ఏని పదింతలు పలచన చేస్తే సీటీ విలువ (గుర్తు కనిపించడానికి పట్టే చక్రాల సంఖ్య) సుమారు 3.3 పెరగాలి. అంతకంటే తక్కువ పెరిగితే హ్యూమిక్ ఆమ్లాలు చర్యని అడ్డుకుంటున్నాయి, పలచనదాని విలువే తీసుకోండి. 16ఎస్‌తో భాగించి వచ్చిన అంకెని ‘కణానికి ఇన్ని’ అని చదవకూడదు. ఒక్క ఈ. కోలిలోనే 16ఎస్ ప్రతులు 7 ఉంటాయి.

ఫలితాన్ని చదవడం

సముద్రపు నీటి డీఎన్ఏలో ఆక్సా-48 గీత కనిపించిందంటే ఆసుపత్రి బ్యాక్టీరియా వచ్చేసిందని కాదు. షెవనెల్లా అనే నీటి బ్యాక్టీరియా క్రోమోజోమ్ మీద ఆ కుటుంబపు జన్యువు సహజంగానే ఉంటుంది. క్వినొలోన్ మందులకి నిరోధకతనిచ్చే క్యూఎన్‌ఆర్-ఏ కూడా షెవనెల్లాదే. సీటీఎక్స్-ఎం పుట్టిల్లు క్లూయ్వెరా. పారాహీమోలిటికస్‌లో ఆంపిసిలిన్‌ని విరిచే కార్బ్ జన్యువు క్రోమోజోమ్‌లోనే ఉంటుంది కాబట్టి, ‘రొయ్యల విబ్రియోల్లో 90 శాతం ఆంపిసిలిన్ నిరోధకత’ లాంటి వాక్యం మందుల వాడకం గురించి ఏమీ చెప్పదు. అందుకే డీఎన్ఏ ఫలితాన్ని ఎప్పుడూ ప్లేటు మీద దొరికిన జీవంతో పక్కపక్కన పెట్టి చదవాలి.

జన్యువు ప్లాస్మిడ్ మీద ఉందా అన్నది మొత్తం జీనోమ్ సీక్వెన్సింగ్‌తో తేలుతుంది. పొట్టి తునకల సీక్వెన్సింగ్ ఒక్కటే అయితే ప్లాస్మిడ్ మధ్యలో తెగిపోతుంది, నిరోధక జన్యువుల చుట్టూ ఒకేలాంటి పునరావృతాలు ఉంటాయి కదా. నానోపోర్ లాంటి పొడవు తునకల పద్ధతి తోడుంటేనే వలయం మూసుకుంటుంది. జన్యువుల్ని రెస్‌ఫైండర్, కార్డ్ అనే నిరోధక జన్యువుల డేటాబేసులు రెండిటితోనూ వెతకండి. కార్డ్, మందుని కణం బయటికి తోసే చాలా పంపుల్ని కూడా నిరోధక జన్యువులుగా చూపిస్తుంది, ఆ జాబితా పొడవు చూసి హడలిపోనక్కర్లేదు.

మూలం గురించి ఒక మాట. 2011లో అచ్చైన అధ్యయనంలో ఢిల్లీ వీధి గుంటల నీటి 171 నమూనాల్లో 51, కుళాయి నీటి 50 నమూనాల్లో 2 ఎన్‌డీఎం-1 చూపించాయి, అక్కడ కారణం మురుగు. 2007లో పటాన్‌చెరు దగ్గర మందుల పరిశ్రమల వ్యర్థాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ దొరికింది, అక్కడ మందే నేరుగా నిరోధక బ్యాక్టీరియాని ఎంపిక చేస్తోంది. ఈ రెండు కథలూ వేరు. మీ తీరంలో ఏది నడుస్తోందో తేలాలంటే మనిషి మలానికి గుర్తైన క్రాస్‌ఫేజ్‌ని (పేగు బ్యాక్టీరియాలో ఉండే వైరస్) కూడా అదే డీఎన్ఏలో కొలవండి. నిరోధక జన్యువులు క్రాస్‌ఫేజ్‌తో పాటే ఎక్కి దిగుతుంటే మురుగు తెచ్చినవే అనుకోవచ్చు. క్రాస్‌ఫేజ్ తక్కువగా ఉండి జన్యువులు మాత్రం ఎక్కువుంటే అప్పుడు చెరువుల కాలువలూ, ఫ్యాక్టరీ కాలువలూ వెతకాలి, నీటిలో మందు అవశేషాన్ని కొలిపించాలి.

ప్రతి జాతినీ 20 శాతం గ్లిజరాల్‌లో, రెండు వేర్వేరు పెట్టెల్లో, మైనస్ 80లో దాచండి. ట్యూబు మీద నమూనా సంఖ్య, తేదీ, ఏ ప్లేటు మీంచి ఏరారో, ఆ ప్లేటులో మందు ఎంతో ఉండాలి. ఈ పనంతా బయోసేఫ్టీ రెండో స్థాయి ల్యాబులోనే. ప్లేట్లు, వాడిన సంచులు, మిగిలిన రొయ్య ముద్ద 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఆటోక్లేవ్ అయ్యాకే చెత్తబుట్టకి వెళ్లాలి. నమూనాకి తెచ్చిన రొయ్యల్లో మిగిలినవి వంటింటికి వెళ్లకూడదు.